ఏసీసీ పని సెప్టెంబర్లోనే అయిపోయిందేటి? ప్లేఆఫ్ లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

గంటస్తంభం_నాన్న, విజయనగరం
21 సెప్టెంబర్ 2025

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తన్నాను, నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. మా పెద్దమ్మాయి మొన్న ఆగస్టులో ఎమ్మెస్‌కని సౌత్ కరొలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీకి వెళ్ళింది, వెళ్ళిన కాడ్నించీ ఫోన్ చేస్తే చదువు మాట తక్కువ, ఫుట్‌బాల్ మాట ఎక్కువ. కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు లాంటి బంతి చంకలో పెట్టుకుని పరిగెడితే నలుగురు మీద పడి కూలదోస్తారే, అది. ఊరంతా ఆరెంజ్ రంగేనట, రోడ్ల మీద కూడా పులి పంజా గుర్తులేనట, టీమ్ పేరు టైగర్స్. వీడియో కాల్లో చూపిస్తే మన పైడితల్లి పండక్కి పులి వేషాలోళ్ళు వీధిలోకి దిగినట్టే ఉంది. ఆటగాళ్ళు గ్రౌండ్‌లోకి వచ్చే ముందు గట్టు మీద ఒక రాయిని ముట్టుకుని కిందకి ఉరుక్కుంటూ వస్తారు. నాకది భలే నచ్చీసింది, రాయికి మొక్కుకుని పనిలోకి దిగడం మనకేం కొత్త.

సరే, ఆగస్టు 31 ఆదివారం తెల్లారగట్ల ఐదింటికి లెగిసి కూర్చున్నాను. ఎల్‌ఎస్‌యూ చేతిలో 17-10 ఓటమి. పోనీ మొదటి మ్యాచ్ కదా అనుకున్నాం. తర్వాత జార్జియా టెక్ వాళ్ళు ఆఖర్న 55 గజాల కిక్కు కొట్టి 24-21తో పట్టుకుపోయారు. నిన్న రాత్రి సిరక్యూస్ అట, సొంత గ్రౌండ్లోనే 34-21. నాలుగాడితే ఒక్కటే గెలుపు. సీజన్ ముందు దేశంలో నాలుగో ర్యాంకు ఇచ్చిన టీమండీ ఇది!

అమ్మాయి ఏడుపు గొంతుతో "నాన్నా మాదొక్కటే కాదు, ఏసీసీ మొత్తానికి ప్లేఆఫ్ ఆశ పోయినట్టే అంటన్నారు ఇక్కడ" అంది. నాకు తెలిసిన ఏసీసీ సిమెంటు బస్తా ఒక్కటే. ఓడింది క్లెమ్సన్ అయితే మిగతా టీములకి దెబ్బ ఎందుకు తగులుతుంది? ఐపీఎల్ లాగ పాయింట్ల పట్టిక ఉండదా? ఎవరైనా విడమరిచి చెప్పండి, రాత్రికి దాన్ని ఓదార్చాలి.

డర్హమ్_ఆమదాలవలస
21 సెప్టెంబర్ 2025

బాబాయ్ నమస్తే, మాది ఆమదాలవలస, నేను నార్త్ కరొలినాలో తొమ్మిదేళ్ళుగా ఉంటన్నాను, ఇక్కడ పావుగంట దూరానికో ఏసీసీ కాలేజీ తగులుతుంది కాబట్టి ఈ గోల నాకు అలవాటైపోయింది.

ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, 17 టీములు. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజీ టీముల గుంపు. పేరు అట్లాంటిక్ తీరమే గాని నిరుడు కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్‌నీ కాల్‌నీ (కాలిఫోర్నియా యూనివర్సిటీ), డల్లాస్ నుంచి ఎస్‌ఎమ్‌యూనీ తెచ్చి కలిపేరు. నవ్వకండి, వేరే కాన్ఫరెన్సులు చూస్తే బిగ్ టెన్‌లో 18 టీములు, బిగ్ ట్వెల్వ్‌లో 16. వీళ్ళకి లెక్కలు ఏ మాస్టారు చెప్పేరో.

మీ అసలు ప్రశ్న. పాయింట్ల పట్టిక ఉండదు బాబాయ్, కిటుకంతా అక్కడే ఉంది. 130కి పైగా టీములు, ఒక్కోటి ఆడేది 12 మ్యాచులు, అందరూ అందరితో ఆడే వీల్లేదు. అందుకని 13 మందితో ఒక కమిటీ వేస్తారు, వాళ్ళు నవంబర్ నుంచి వారం వారం ర్యాంకులు ఇస్తారు, డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం 12 టీముల్ని ప్రకటిస్తారు. ఈ 2025 సీజన్‌లో అందులో ఐదు సీట్లు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి, అంటే ఛాంపియన్లందర్లో ర్యాంకు బాగున్న ఐదుగురికి. మిగతా ఏడూ కమిటీ చూపు ఎవరి మీద పడితే వాళ్ళకి. 2023 దాకా మొత్తం నాలుగే సీట్లు, నిరుటి నుంచే 12.

ఇప్పుడు ఒకడు ఓడితే పక్కోడికి దెబ్బ ఎందుకంటే, ఈ ఏడు ఏసీసీలో బయట కాన్ఫరెన్సుల వాళ్ళతో ఆడేవి ఒక్కో టీముకి నాలుగే, అవి కూడా ఎక్కువ మొదటి నెల్లోనే అయిపోతాయి. అక్టోబర్ నుంచి ఇంట్లో వాళ్ళతో ఇంట్లో వాళ్ళే పేకాట. ఎవరు గెలిచినా డబ్బు ఆ గదిలోనే తిరుగుతుంది, ఆ గదిలో మొత్తం ఎంతుందో బయటోడికి తెలిసేది మాత్రం మొదటి నెల్లోనే. రేపు మయామి వెళ్ళి పిట్స్‌బర్గ్‌ని కొట్టిందనుకోండి, కమిటీ వాడు "పిట్స్‌బర్గ్ ఎవడి చేతిలో ఓడేడు? వెస్ట్ వర్జీనియా చేతిలోనా, అయితే ఆ గెలుపుకి ఏం విలువ" అంటాడు. అలా ఒకడి పరువు ఇంకొకడి జేబులోంచి పోతుంది.

ఈ నెల చిట్టా చూడండి. ప్రొఫెషనల్ లీగ్‌లో పేరు మోసిన బెలిచిక్ అంతటి కోచ్‌ని తెచ్చుకుని మా పక్క నార్త్ కరొలినా టీసీయూ చేతిలో 48-14. వర్జీనియా టెక్ సౌత్ కరొలినా చేతిలో, వాండర్‌బిల్ట్ చేతిలో, అది చాలనట్టు ఓల్డ్ డొమినియన్ చేతిలో కూడా 45-26, కోచ్‌ని మూడో మ్యాచ్ మర్నాడే ఇంటికి పంపీసేరు. డ్యూక్ ఇల్లినాయ్ చేతిలో 45-19, తర్వాత వారం టులేన్ చేతిలో. మీ క్లెమ్సన్ సంగతి మీకు తెలుసు.

కానీ మొత్తం పోలేదు. ఫ్లోరిడా స్టేట్ వాళ్ళు అలబామాని 31-17తో కూలదోసేరు. మయామి నోటర్ డేమ్‌ని 27-24తో కొట్టింది, ఇవాళ పొద్దున్న ఫ్లోరిడాని 26-7. నోటర్ డేమ్ మీద గెలుపుని మాత్రం రాసి పెట్టుకోండి బాబాయ్, డిసెంబర్లో పనికొస్తుంది.

నాగావళి_గట్టు, శ్రీకాకుళం
21 సెప్టెంబర్ 2025

ఏటి బాబూ నాలుగు మ్యాచులకే ఏడుపులు, ఆర్సీబీని మర్చిపోనారేటి. 2024లో మొదటి ఎనిమిదిట్లో ఏడు పోగొట్టుకుని ఆఖరి ఆరూ వరసపెట్టి కొట్టి ప్లేఆఫ్‌కి పోలేదా, ముంబై 2015లో మొదటి నాలుగూ ఓడి కప్పే ఎత్తీసింది. పాపకి చెప్పండి ఆరెంజ్ జెర్సీ ఉతికి దాచుకోమని, సిరిమాను అయ్యేసరికి గాలి తిరుగుతాది.

డర్హమ్_ఆమదాలవలస
21 సెప్టెంబర్ 2025

తమ్ముడూ ఆర్సీబీకి నెట్ రన్ రేట్ ఉంది, వాళ్ళ గెలుపుని చూసి "అది మంచి గెలుపేనా" అనీసి అడిగేవాడు లేడు. ఇక్కడ అడుగుతారు. తేడా అదే.

అయినా నువ్వన్న దాంట్లో అబద్ధం లేదు. 2014లో ఒహాయో స్టేట్ రెండో మ్యాచ్‌లోనే సొంతూళ్ళో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడి, ఆ ఏడు కప్పు కొట్టింది. నిరుడు నోటర్ డేమ్ నార్తర్న్ ఇల్లినాయ్ అనే చిన్న టీమ్ చేతిలో ఇంట్లోనే 16-14తో ఓడిపోయి పరువు పోగొట్టుకుని కూడా ఫైనల్ దాకా వెళ్ళింది. బాబాయ్ వాళ్ళ క్లెమ్సనే నిరుడు మొదటి మ్యాచ్‌లో జార్జియా చేతిలో 34-3, మొత్తం మూడు ఓటములు, అయినా ఏసీసీ ఫైనల్లో ఎస్‌ఎమ్‌యూ మీద ఆఖరి 56 గజాల కిక్కుతో గెలిచి ఛాంపియన్ సీటు మీద 12వ టీముగా లోపలికి దూరింది. ఆ సీటు ఉన్నంత కాలం ఏసీసీకి ఒక తలుపు తెరిచే ఉంటుంది.

పీఈటీ_బొబ్బిలి
22 సెప్టెంబర్ 2025

ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల్ని కబడ్డీకీ వాలీబాల్‌కీ సెలక్షన్స్‌కి తీసుకెళ్ళినవాడిని. కమిటీ అన్న మాట వినగానే నాకు కడుపులో తిప్పుతుంది. ఒకసారి మా కుర్రాడు ఆ రోజు ట్రయల్స్‌లో ఒక్క పాయింట్ ఇవ్వలేదు, లిస్టులో పేరు లేదు, అడిగితే "పోయినేడు మీ మండలం ఆట చూసేం కదా మాస్టారూ" అన్నారు. వాడి ఆట కాదు, వాడి ఊరి పేరు చూసేరు. ఇదీ అలాగే కనపడతంది నాకు.

నేను కూడా కాస్త చదివేను. 2023లో ఇదే ఏసీసీలో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచి, ఛాంపియన్ అయి కూడా నాలుగు టీముల్లో చోటు దొరకలేదు. క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరే ముఖ్యమైన ఆటగాడికి, కాలు విరిగింది కాబట్టి ఇకపై ఆడలేరు అనీసి తీసి పక్కన పెట్టేరు. ఓడనివాడిని తీసీసే ఆట ఆటేనా?

డర్హమ్ బాబుకి ఒక ప్రశ్న. ఆ ఐదు సీట్లలో ఒకటి ఏసీసీకని రూల్లో రాసి ఉందా?

డర్హమ్_ఆమదాలవలస
22 సెప్టెంబర్ 2025

రాసి లేదు మాస్టారూ. ఈ 2025 సీజన్‌కి ఏ కాన్ఫరెన్స్ పేరూ రూల్లో లేదు, ర్యాంకు బాగున్న ఐదుగురు ఛాంపియన్లు అనే ఉంది. అంటే సిద్ధాంతం ప్రకారం రెండు చిన్న కాన్ఫరెన్సుల ఛాంపియన్లు ఏసీసీ ఛాంపియన్ కంటే పైన ఉంటే ఏసీసీకి సీటు పోతుంది. కానీ అలాంటి రోజు రాదులెండి. ఏసీసీ ఛాంపియన్ ఎంత చెడ్డా పది మ్యాచులు గెలుస్తాడు.

ఫ్రిస్కో_రాజాం
22 సెప్టెంబర్ 2025

మాది రాజాం, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆయన ఎస్‌ఎమ్‌యూలో చదివేరు కాబట్టి శనివారం మా ఇంట్లో కూర కూడా ఆయన టీమ్ గెలిస్తేనే బాగుందంటారు. బేలర్‌తో మ్యాచ్ నాలుగో క్వార్టర్లో 14 పాయింట్ల ఆధిక్యం చేతిలో పెట్టుకుని రెండు ఓవర్‌టైములు ఆడి 48-45తో పోగొట్టుకున్నారు, ఆ రాత్రి ఆయన వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నారు, మొన్న టీసీయూ మళ్ళీ 35-24. ఇప్పుడేమో "ఏసీసీలో అన్నీ గెలిస్తే చాలు" అని కాగితం మీద లెక్కలు. అన్నీ గెలిస్తే చాలని ఎవరికి తెలీదు?

నా మాట వినండి బాబాయ్ గారూ, మయామి ప్రతేడూ అక్టోబర్ దాకా పులి, నవంబర్లో పిల్లి. ఈ ఏడు ఏసీసీని మోసేది ఫ్లోరిడా స్టేటే. అలబామాని కొట్టినవాడు ఊరికే పోడు.

గంటస్తంభం_నాన్న, విజయనగరం
22 సెప్టెంబర్ 2025

అందరికీ థాంక్స్ అండి. పేకాట ఉదాహరణ మా అమ్మాయికి చెప్పేను, "నాన్నా నువ్వు పేకాట ఆడతావేటి" అని అమ్మకి ఫోన్ ఇమ్మంది, ఓదార్పు అక్కడితో ఆగింది. మొత్తానికి నాకు అర్థమైందేటంటే క్లెమ్సన్ పోయినా వాళ్ళ పక్కింటోళ్ళ కోసం మొక్కుకోవాలి. పీఈటీ మాస్టారి మాట మాత్రం గుచ్చుకుంది.

డర్హమ్_ఆమదాలవలస
8 డిసెంబర్ 2025

ఈ పాత చర్చని నేనే పైకి లాగుతున్నాను, పీఈటీ మాస్టారికి దండం పెట్టడానికి. రాదులెండి అన్న రోజు వచ్చేసింది.

ఫ్రిస్కో అక్కా, మీ ఫ్లోరిడా స్టేట్ 5-7తో (ఐదు గెలుపులు, ఏడు ఓటములు) ముగిసింది, బౌల్ మ్యాచ్ (ప్లేఆఫ్ దొరకనివాళ్ళు సీజన్ చివర ఆడే మ్యాచ్) కూడా లేదు. అలబామాని కొట్టినవాళ్ళే! అలబామా ప్లేఆఫ్‌లో ఉంది, కొట్టినవాడు ఇంట్లో ఉన్నాడు. బాబాయ్ వాళ్ళ క్లెమ్సన్ పడుతూ లేస్తూ 7-5. వర్జీనియా ఎవరూ అనుకోకుండా పైకొచ్చి 7-1తో కాన్ఫరెన్స్ టాప్. దాని కింద ఐదు టీములు 6-2తో సమానం, మయామి, డ్యూక్, జార్జియా టెక్, పిట్స్‌బర్గ్, మీ ఆయన ఎస్‌ఎమ్‌యూ కూడా. వర్జీనియాతో ఫైనల్ ఆడే రెండో చోటుకి టై తెంపడానికి ఎవరి ప్రత్యర్థులు కాన్ఫరెన్స్‌లో ఎక్కువ గెలిచేరు అని లెక్కేస్తే చీటీ డ్యూక్‌కి తగిలింది. దేశంలో పన్నెండో ర్యాంకులో ఉన్న మయామి తన సొంత కాన్ఫరెన్స్ ఫైనల్ టీవీలో చూసింది, అప్పటికే ఐదు మ్యాచులు ఓడిన డ్యూక్ షార్లెట్ వెళ్ళి ఫైనల్ ఆడింది. శనివారం ఓవర్‌టైములో 27-20 గెలిచీసింది కూడా!

వర్జీనియా గెలిచుంటే సీటు వాళ్ళది, ఏ గొడవా లేదు. గెలిచింది 8-5 డ్యూక్. నిన్న ఐదో ఛాంపియన్ సీటుకి కమిటీ డ్యూక్‌ని పక్కనపెట్టి 12-1తో ఉన్న జేమ్స్ మాడిసన్ టీమ్‌ని తీసుకుంది, నాలుగోది టులేన్‌కి. రెండూ చిన్న కాన్ఫరెన్సుల ఛాంపియన్లే. ఇప్పుడు సెప్టెంబర్ చిట్టా తీసి చూడండి. టులేన్ ఎవరు? సెప్టెంబర్ 13న డ్యూక్‌ని 34-27తో కొట్టినవాళ్ళు. జేమ్స్ మాడిసన్ ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ ఎవరి చేతిలో? ఏసీసీలోని లూయివిల్ చేతిలో. ఇంట్లో ఒకడు పక్కూరోడిని కొట్టి వచ్చేడు, ఇంకొకడు ఇంకో ఊరోడి చేతిలో తన్నులు తిన్నాడు, ఇద్దరు పరాయివాళ్ళూ పెళ్ళి పందిట్లో కూర్చున్నారు, పెళ్ళికొడుకు గేటు బయట.

అయితే పూర్తిగా మునగలేదు. మిగతా ఏడు సీట్లలో ఆఖరిదానికి మయామి, నోటర్ డేమ్, ఇద్దరూ 10-2. నోటర్ డేమ్ మొదటి రెండూ ఓడి వరసగా పది గెలిచింది, ఆర్సీబీ తమ్ముడు అన్న గాలి తిరగడం అంటే అదే. నెలంతా కమిటీ నోటర్ డేమ్‌నే పైన పెట్టి ఉంచింది, నిన్న ఆఖరి రోజు మాత్రం మార్చీసి మయామిని పదో టీముగా తీసుకున్నారు. ఎందుకంటే ఆగస్టు 31న వాళ్ళిద్దరూ ఆడేరు, 27-24. నోటర్ డేమ్‌కి కోపం వచ్చి బౌల్ మ్యాచే వద్దనేసింది.

పీఈటీ_బొబ్బిలి
8 డిసెంబర్ 2025

దండాలు వద్దు బాబూ. ఈసారి మాత్రం కమిటీ చేసింది నాకు తప్పనిపించలేదు. ఎదురెదురు ఆడినప్పుడు ఎవడు గెలిచేడో వాడికే చోటు, మా పిల్లలకి నేను చెప్పింది అదే. కానీ ఆ ముక్క చూడ్డానికి నెల రోజులు పట్టిందేటి, స్కోరు ఆగస్టు నుంచీ గోడ మీదే ఉంది కదా. మరో మాట, డ్యూక్ పిల్లలు రూలు ప్రకారం ఫైనల్ చేరి కప్పు గెలిచేరు, వాళ్ళ మీద జోకులు వెయ్యకండి. టై తెంపే రూలు వాళ్ళు రాయలేదు.

ఫ్రిస్కో_రాజాం
9 డిసెంబర్ 2025

నా జోస్యం సంగతి ఎత్తకండి ప్లీజ్. మా ఆయనకి టై లెక్క పదోసారి చెప్తున్నాను, ఆయనేమో ఎస్‌ఎమ్‌యూ నవంబర్ 1న ఓవర్‌టైములో మయామిని 26-20 కొట్టింది కదా, మరి ఎదురెదురు ఆట లెక్కయితే మాకే ఇవ్వాలి అంటన్నారు. పీఈటీ మాస్టారూ దీనికి మీరే జవాబు చెప్పండి.

పీఈటీ_బొబ్బిలి
9 డిసెంబర్ 2025

అమ్మా, ఎస్‌ఎమ్‌యూ నాలుగు ఓడింది, మయామి రెండు. ఎదురెదురు ఆట చూసేది ఇద్దరూ సమానంగా నిలబడ్డప్పుడు. మీ వారికి టీ ఇచ్చి ఈ మాట మెల్లగా చెప్పండి.

గంటస్తంభం_నాన్న, విజయనగరం
20 జనవరి 2026

ఇవాళ పొద్దున్న ఆరింటికి ఫైనల్ చూసేను. సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉన్నాయి, రెండు అరిసెలు, ఒక గ్లాసుడు కాఫీ, ఫోన్ గోడకి ఆనించి.

ఆఖరి చోటు దొరికిన మయామి ఏం చేసిందండీ అసలు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఊరెళ్ళి 10-3, నిరుటి ఛాంపియన్ ఒహాయో స్టేట్‌ని 24-14, ఓల్ మిస్‌ని 31-27. ఫైనల్ వాళ్ళ సొంత స్టేడియంలోనే పడింది. ఇండియానా 27-21తో గెలిచీసింది, వాళ్ళు ఈ సీజన్ పదహారూ గెలిచేరట, అలాంటివాడితో ఆరు పాయింట్ల తేడా అంటే సిగ్గు పడాల్సింది ఏం లేదు. నాలుగో క్వార్టర్లో ఇండియానా కుర్రాడు మెండోజా నాలుగో డౌన్ మీద, అంటే ఆఖరి ప్రయత్నంలో, బంతి పట్టుకుని నలుగుర్ని తప్పించుకుని గీత మీదకి ఎగిరి పడ్డాడు చూడండి, నేను అరిసె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. తర్వాత అమ్మాయి చెప్పింది, వాడు 2024లో ఏసీసీలోని కాలిఫోర్నియాకే ఆడేవాడట, పెరిగిందేమో మయామిలోనట. ఇంటి కుర్రాడే వచ్చి ఇంటోళ్ళని ఓడించేడు.

డర్హమ్ బాబూ, నువ్వు సెప్టెంబర్లో రాసి పెట్టుకోమన్నావు కదా, నిజంగానే క్యాలెండర్ మీద రాసుకున్నాను, మా ఆవిడ పాలవాడి లెక్క అనుకుంది.

వచ్చే సెప్టెంబర్లో క్లెమ్సన్ మళ్ళీ ఎల్‌ఎస్‌యూతోనే మొదలుపెడుతుందట, ఈసారి వాళ్ళ ఊళ్ళో. మన టైముకి ఎన్నింటికో ఎవరికైనా తెలిస్తే ఇక్కడే చెప్పండి, అలారం పెట్టుకోవాలి.

నాగావళి_గట్టు, శ్రీకాకుళం
20 జనవరి 2026

టైము ఇంకా చెప్పలేదు గాని బాబాయ్, అరిసెలు మిగిలితే శ్రీకాకుళం బస్సుకి వెయ్యండి, ఏడు రోడ్ల కాడ దించుకుంటాను.